పాలిచ్చే తల్లికి చోటెక్కడ?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తల్లిపాల గురించి మాట్లాడాలంటే నాకెప్పుడూ కొంచెం జంకే. ఈ మాట ఎక్కడ వినిపించినా వేలు తల్లివైపే చూపిస్తుంది. తల్లిపాలు అమృతమని ఆస్పత్రి గోడల మీద రాస్తారు. ఆ పాలు తయారుచేసే మనిషి రోజుకి ఎన్ని గంటలు పనిచేస్తోంది, ఏం తింటోంది, ఎక్కడ కూర్చుని బిడ్డకి పాలివ్వాలి అనేవి మాత్రం ఏ గోడ మీదా కనిపించవు.

అలాగని శాస్త్రం చెప్పేదాన్ని మనం కాదనక్కర్లేదు. బిడ్డ సంగతి మీకు తెలిసిందే. పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలదాకా నీళ్లు కూడా అక్కర్లేకుండా తల్లిపాలే, ఆ తర్వాత తిండితోపాటు రెండేళ్లు, ఆపైన కూడా. విరేచనాలు, న్యుమోనియా తగ్గుతాయి. తల్లిపాలు దాదాపు పిల్లలందరికీ అందితే ప్రపంచంలో ఏటా 8,23,000 మంది పిల్లల్ని, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయే 20,000 మంది స్త్రీలని కాపాడవచ్చని 2016లో లాన్సెట్ వైద్య పత్రిక అంచనా వేసింది. మొదటి అంకె అందరూ చెబుతారు. రెండోది చెప్పేవాళ్లు తక్కువ.

నాకు ఆ రెండోదే ముఖ్యం. పాలిస్తుంటే గర్భసంచి ముడుచుకుని కాన్పు తర్వాతి రక్తస్రావం తగ్గుతుంది. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలని కలిపి 2002లో లెక్కతీస్తే, ఒక స్త్రీ పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ ఆమెకి రొమ్ము క్యాన్సర్ వచ్చే ప్రమాదం 4.3 శాతం చొప్పున తగ్గుతున్నట్టు తేలింది. అండాశయ క్యాన్సర్, మధుమేహం ముప్పు కూడా తగ్గుతుంది. మరి పాలివ్వడం తల్లి ధర్మమని మాత్రమే ఎందుకంటున్నాం? అది ఆమె ఆరోగ్య హక్కు కూడా కదా!

ఇక సైబరాబాద్‌కి వద్దాం. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది మొదలు ఈ ప్రాంతాన్ని ఆధునికతకి నమూనాగా చూపిస్తూ వచ్చారు. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే ఒక ఇంజనీరు నాతో అన్న మాట ఇది: "బాత్‌రూమ్‌లో నిలబడి పాలు పిండి సింకులో పారబోస్తాను మేడమ్. మీటింగ్ మధ్యలో పాలు చేపితే చున్నీ అడ్డం పెట్టుకుంటాను." బిడ్డ నిజాంపేటలో అమ్మమ్మ దగ్గర. పాలు పిండకపోతే రొమ్ములు గడ్డకట్టి జ్వరం వస్తుంది. రోజూ అలాగే వదిలేస్తే పాలు తయారవడమే తగ్గిపోతుంది. అప్పుడు అందరూ 'ఆమెకి పాలు పడలేదు' అంటారు. పాలు పడలేదా, పడనివ్వలేదా?

చట్టం లేదా అంటే ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు పిల్లలకి సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చు. బిడ్డకి 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు ఇవ్వాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఇవి కొనసాగుతున్నాయి. కానీ లెక్క చూడండి. ఆరోగ్యం బాగోలేక కాన్పుకి ముందే 8 వారాలు సెలవు పెట్టిన ఆమెకి మిగిలేది 18 వారాలు. అంటే బిడ్డకి నాలుగు నెలలు దాటీ దాటకముందే ఆఫీసు. క్రెష్ లేకుండా రెండు విరామాలు ఎందుకు పనికొస్తాయి? ఆ కాస్త సమయంలో నిజాంపేట వెళ్లి రాగలదా?

పైగా సెలవు జీతం మొత్తం యజమానే భరించాలి. అందుకే కొత్తగా పెళ్లయిన అమ్మాయిని ఇంటర్వ్యూలో గుచ్చిగుచ్చి అడుగుతారు. 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లుని సమర్థిస్తూ అంబేద్కర్ ఈ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలన్నారు. దాదాపు వందేళ్లవుతోంది. తండ్రికైతే ప్రైవేటు రంగంలో చట్టబద్ధమైన సెలవే లేదు!

అదే భవనంలో నేల తుడిచే ఆమె ఇంకో కాంట్రాక్టరు మనిషి. కొలువు పోతుందని మూడో నెలకే పనిలోకొచ్చింది. "పొద్దుగాల పాలిచ్చి వస్త మేడం, మల్ల పొద్దుగూకినంకనే. నడుమ మా అత్త డబ్బా పాలు పోస్తది" అంది. డబ్బా ఖరీదెక్కువని పొడి తగ్గించి నీళ్లు పెంచుతారట. కోకాపేటలో అంతస్తుల మీద అంతస్తులు కట్టడానికి పాలమూరు నుంచి వచ్చిన తల్లుల బిడ్డలు ఇటుకల పక్కన చీర ఉయ్యాలలో ఉంటారు. గేటెడ్ కమ్యూనిటీలో ఇంజనీరు బిడ్డని ఎత్తుకునే ఆయాకి చంటిబిడ్డ ఉంటే, ఆ బిడ్డ పాలగోడు ఎవరికీ పట్టదు. ఇళ్లలో పనిచేసేవాళ్లకి ఈ సెలవు చట్టం దక్కనే దక్కదు.

పాలపొడి కంపెనీల సంగతి కొంచెం. పాలపొడికీ సీసాలకీ ప్రకటనలు ఇవ్వడం, తల్లులకి ఉచిత నమూనాలు పంచడం 1992 చట్టం నిషేధించింది. అయినా ఆపరేషన్ కాన్పయితే చాలు, మొదటిరోజే డబ్బా తెమ్మని చీటీ రాసిచ్చే ఆస్పత్రులున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటులో 80 శాతం పైనే. ఆపరేషనయిన తల్లి కూడా పక్కన ఒక మనిషి సాయముంటే చాలావరకు పాలివ్వగలదు. ఆ మనిషిని పెట్టడం కంటే చీటీ రాయడం తేలిక.

ఇంకోమాట. పాలివ్వలేని, ఇవ్వకూడని తల్లులున్నారు. జబ్బు, మందులు, అలసట, ఏ కారణమైనా కావచ్చు. వాళ్లని నిలదీసే పని మనం చెయ్యొద్దు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం మన నీలోఫర్ ఆస్పత్రిలో ధాత్రి తల్లిపాల బ్యాంకు ఉంది. ఈ సమాచారం బస్తీల్లోకి వెళ్లాలి.

వచ్చే మూడు నెలల్లో రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా భవనం భవనానికీ వెళ్లి రెండే ప్రశ్నలు అడుగుదామని నా ప్రతిపాదన. క్రెష్ ఉందా? ఉంటే, నేల తుడిచే ఆమె బిడ్డకి అందులో చోటుందా? జవాబులు రాసుకుని కార్మిక శాఖకి ఇద్దాం. కాగితం వెనక వరస నుంచి వస్తోంది, రాగలిగినవాళ్లు పేర్లు రాయండి.