గాయంలో జరిగే సమావేశం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను డాక్టరును కాదు, ఇంజనీరును. అయినా ఈరోజు పుండ్ల గురించి మాట్లాడతాను. కారణం మా అన్నయ్య. అన్నయ్యకు షుగరు. చెప్పు కరిచి పాదానికి చిన్న పుండు పడింది. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళకుండా మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ బిళ్ళలు తెచ్చింది నేనే. మూడు రోజులకు కాస్త తగ్గితే "ఇంక చాల్లే" అన్నదీ నేనే. నెల తిరిగేసరికి కట్టు మీద ఆకుపచ్చ మరక కనిపించింది. పరీక్ష చేయిస్తే చాలా మందులకు లొంగని సూడోమోనాస్ అని తేలింది. ప్రాణం దక్కింది, రెండు వేళ్ళు పోయాయి. నా వల్లే అలా అయిందని ఎవరూ అనలేదు. కాదని నేనూ అనుకోలేకపోయాను.

ఆ మరక ఏమిటో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. అది పయోసయనిన్ అనే రంగు, మన కణాలకు విషం. విచిత్రమేమిటంటే, నాలుగైదు బ్యాక్టీరియాలే ఉన్నప్పుడు దాన్ని తయారు చెయ్యవు. గుంపు పెరిగాకే అన్నీ కలిసి చేస్తాయి. కొద్దిమందితో దాడి మొదలుపెడితే శరీరం పసిగట్టి తుడిచేస్తుంది కదా!

ఎంతమంది చేరారో వాటికెలా తెలుస్తుంది? ఒక్కొక్కటీ ఒక చిన్న రసాయన సంకేతాన్ని బయటికి వదులుతుంది. గుంపు పెరిగేకొద్దీ అది చిక్కబడుతుంది. ఒక స్థాయి దాటితే అన్నిటిలోనూ దాడి చేసే జన్యువులు మేలుకుంటాయి. మన సంఘానికి కోరం ఉన్నట్టే! కోరం లేకపోతే సమావేశం ఎలా వాయిదా పడుతుందో మన కార్యదర్శిగారిని అడగండి. శాస్త్రజ్ఞులు కూడా 1994లో దీనికి 'కోరం సెన్సింగ్' అనే పేరు పెట్టారు. 1970లోనే నీల్సన్, హేస్టింగ్స్ బృందం సముద్రంలో వెలిగే బ్యాక్టీరియాలో ఇది గమనించింది. పల్చగా ఉంటే చీకటి, చిక్కబడితే వెలుగు.

యాంటీబయాటిక్ పని చంపడం లేదా ఎదగకుండా ఆపడం. మందుకు తట్టుకుని మిగిలినవే మళ్ళీ పెరుగుతాయి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో తన నోబెల్ ఉపన్యాసంలోనే చాలీచాలని మోతాదు గురించి హెచ్చరించాడు. 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియాయే నేరుగా కారణమని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా.

మరి చంపకుండా, సంకేతాన్నే ఆపితే? ఇంజనీరుగా నాకు నచ్చిన ప్రశ్న ఇది. దారులు మూడు: సంకేతం తయారు కాకుండా చూడడం, దారిలోనే ఎంజైముతో ముక్కలు చేయడం, దాన్ని అందుకునే చోటును మూసేయడం. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయంలో కసాండ్రా క్వేవ్ బృందం 2015లో చెస్ట్‌నట్ ఆకుల సారాన్ని పరీక్షించింది. ఇటలీ పల్లెల్లో చర్మవ్యాధులకు వాడే ఆకు అది. ఆవిడకు చిన్నతనంలో కాలు తీసేసినప్పుడు స్టాఫ్ ఇన్ఫెక్షన్ సోకింది. ఆ స్టాఫ్ మీదే ఈ ప్రయోగం. సారం బ్యాక్టీరియాను చంపలేదు, వాటి మధ్య సంకేతాన్ని ఆపింది. విషాలు తగ్గాయి, ఎలుకల చర్మం మీద పుండ్లూ తగ్గాయి.

అయితే మిత్రులారా, ఇది ఇంకా మన మందుల షాపుకు రాలేదు. చిక్కులూ ఉన్నాయి. స్టాఫ్‌లో ఈ సంకేతం ఆగితే కొన్నిసార్లు అది జిగురు పొర మరింత మందంగా కట్టుకుని దాక్కుంటుంది. అందుకే యాంటీబయాటిక్‌కు తోడుగా వాడాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు.

అంతవరకు మన చేతిలో ఉన్న పాత మందుల్నే కాపాడుకోవాలి. మన వయసు వాళ్ళలో షుగరున్నవాళ్ళు తక్కువేమీ కాదు. రోజూ రాత్రి పడుకునే ముందు పాదాలు చూసుకోండి. అరికాలు కనబడకపోతే అద్దం పెట్టుకోండి. పుండు పడితే నాలాంటి ఇంజనీరును కాదు, డాక్టరును అడగండి. పరీక్ష హాల్లో గంట కొట్టేదాకా లేవొద్దని మన గురువులు చెప్పేవారు. మందు విషయంలోనూ డాక్టరు చెప్పిన చివరి రోజుదాకా లేవకండి.