కాటా చెప్పని లెక్క
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డాక్టరును కాబట్టి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. భోజనాల వేళయింది, ఒక్క విషయమే చెబుతాను.

నా దగ్గరకు వచ్చే స్థూలకాయుల్లో చాలామంది అనే మాట: "మూడు నెలలు నడిచానండీ, రెండు కిలోలైనా తగ్గలేదు. మానేశాను." అసలు నష్టం ఆ మానేయడంలోనే ఉంది.

నడక ఒక్కదానితో బరువు పెద్దగా తగ్గదు. అరగంట నడకలో ఖర్చయిన శక్తిని రెండు గారెలు తిరిగి ఇచ్చేస్తాయి. అయినా లోపల మార్పు జరుగుతూనే ఉంటుంది. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది, ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. రక్తపోటు కొంత దిగుతుంది. కాలేయంలోనూ పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు, కాటా కదలకపోయినా, కొంత కరుగుతుంది.

దీనికి మన పక్కనే సాక్ష్యం ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిని నాలుగు జట్లుగా చేసి సుమారు మూడేళ్లు గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాతో సరిపెట్టిన జట్టులో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. నడక, ఆహార నియమం పాటించిన జట్టులో 39 మందికే వచ్చింది. వీరి బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు!

అందుకని కాటా పక్కన పెట్టి టేపు కొనండి. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఇన్సులిన్‌కు కలిగే మేలు ఒకటి రెండు రోజులే నిలుస్తుంది కనుక వరసగా రెండు రోజులకు మించి మానకండి. వారానికి రెండుసార్లు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేయండి. మోకాళ్ల నొప్పులుంటే పది నిమిషాలతో మొదలుపెట్టండి. గుండె జబ్బు ఉన్నవారు, షుగరు మందులు వాడేవారు ముందు మీ డాక్టరును అడగండి. నడుస్తుండగా ఛాతీ బరువెక్కితే వెంటనే ఆగి వైద్యుడికి చూపించుకోండి.

ఈ ఉదయం మౌనం పాటించినప్పుడు చదివిన పేర్ల జాబితా పోయినసారి కన్నా పొడవుగా ఉంది. అందులో గుండెపోటుతో, షుగరుతో వెళ్లిపోయినవారే ఎక్కువ. రేపటి నుంచి మన వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలకు బదులు "ఈరోజు నడిచాను" అని పెట్టండి. పెట్టనివారికి నేనే ఫోన్ చేస్తాను.