వేసవి పగలు, శిబ్‌పూర్ మర్రి నీడ

ఈ వేసవిలో కలకత్తా వెళ్లేవారు ఒక పూట హుగ్లీ అవతలి ఒడ్డున, హౌరాలోని శిబ్‌పూర్ వృక్షశాస్త్ర ఉద్యానంలో గడపండి. ఉక్కపోత ముదరకముందే, పొద్దున్నే వెళ్లడం మంచిది. 1787లో మొదలైన ఈ తోట దాదాపు 270 ఎకరాలు. అంతా ఒక్క పూటలో చూడలేం. తిన్నగా పెద్ద మర్రి దగ్గరికే నడవండి.

దూరం నుంచి అది చిట్టడవిలా కనిపిస్తుంది. నిజానికి ఒకే చెట్టు. వయసు 250 ఏళ్లకు పైమాటే. పంతొమ్మిదో శతాబ్దపు తుపానుల్లో దెబ్బతిన్న అసలు మానుకు శిలీంధ్ర తెగులు సోకింది. 1925లో దాన్ని తొలగించారు. అయినా చెట్టు ఆగలేదు. నేలలో దిగిన వేల ఊడలు ఒక్కొక్కటీ మానై, మూడున్నర ఎకరాలకు పైగా పరుచుకున్న కొమ్మలను మోస్తున్నాయి. ఆకులు ఎండను ఆపడమే కాదు, నీటిని ఆవిరిగా వదులుతాయి. అందుకే చెట్టు నీడ రేకుల పందిరి నీడకంటే చల్లన.

ఈ తోటతో మనకూ చుట్టరికం ఉంది. 1793లో దీని బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో ఏళ్లతరబడి మొక్కలు పెంచి, పరిశీలించాడు. స్థానిక చిత్రకారులతో వేయించిన ఆ మొక్కల బొమ్మలే 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే మూడు సంపుటాలకు ప్రాణం. పేరు దక్కని ఆ చిత్రకారులను కూడా తలుచుకోవాలని నా కోరిక.

నీళ్ల సీసా, గొడుగు మరవకండి. పిల్లల్ని ఊడలు పట్టుకుని వేలాడనివ్వకండి. లేత ఊడ తెగితే ఆ కొమ్మకు రేపటి ఆసరా పోయినట్టే.