వైద్యవిద్యలో ఆధ్యాత్మికత: రోగిని అడగవలసిన ప్రశ్న



నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే జాతీయ రహదారి మీద ఉన్న శిరివెళ్ల వంటి మండల కేంద్రంలో వైద్యం మొదలుపెట్టే యువ వైద్యుడి దగ్గరికి వచ్చే రోగి, రోగంతోపాటు ఆ రోగం తనకే ఎందుకు వచ్చిందన్న ఆలోచనను కూడా వెంట తెచ్చుకుంటాడు. ఒకరు అది గ్రహచారమంటారు, మరొకరు అల్లా పెట్టిన పరీక్ష అంటారు, ఇంకొకరు ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నామో అని నిట్టూరుస్తారు. రోగాన్ని ఎదుర్కోవడానికి వైద్యవిద్య విద్యార్థిని బాగానే సిద్ధం చేస్తుంది గాని, ఈ నిట్టూర్పుకు ఏం బదులివ్వాలో మాత్రం చాలావరకు అతనికే వదిలేస్తుంది. ఆధ్యాత్మికతకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని వైద్య విద్యార్థులకు బోధించాలా, బోధిస్తే ఏ మేరకు అన్న చర్చ పుట్టింది ఇక్కడే.

ఆధ్యాత్మికత అంటే ఇక్కడ మతమొక్కటే కాదు. మనిషి తన బతుకుకు అర్థం వెతుక్కునే తీరు, తనతోనూ తోటివారితోనూ ప్రకృతితోనూ తాను పవిత్రమని నమ్మినదానితోనూ పెంచుకునే అనుబంధం అని 2009లో అమెరికాలో పాలియేటివ్ వైద్య నిపుణులు, అంటే నయంకాని జబ్బుల్లో బాధను తగ్గించే వైద్యం చేసేవారు, ఒక సమావేశంలో చెప్పుకున్నారు. ఈ లెక్కన గుడికి పోని నాస్తికుడికీ, కూతురి పెళ్లి చూసేదాకా బతికితే చాలనుకునే కూలీకీ ఆధ్యాత్మిక జీవితం ఉన్నట్టే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. చరక సంహిత చికిత్సను మూడు విధాలుగా విభజించింది: మంత్రం, ఉపవాసం, ప్రాయశ్చిత్తం వంటివి దైవవ్యపాశ్రయం, ఆహారం, ఔషధం యుక్తివ్యపాశ్రయం, కీడు చేసే విషయాల నుంచి మనసును మళ్లించడం సత్త్వావజయం. ఆధునిక కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948 నాటి తన ఆరోగ్య నిర్వచనంలో శరీరం, మనసు, సమాజం అనే మూడింటినే చేర్చింది. 1984లో ఆ సంస్థ విధాన నిర్ణాయక సభ అయిన ప్రపంచ ఆరోగ్య సభ ఆధ్యాత్మిక పార్శ్వాన్ని గుర్తిస్తూ తీర్మానం చేసింది. ఆ మాటను నిర్వచనంలోనే చేర్చాలన్న ప్రతిపాదన మాత్రం 1999లో సభ ముందుకు వచ్చి కూడా ఆమోదం పొందలేదు. అమెరికాలో క్రిస్టీనా పుచాల్‌స్కీ అనే వైద్యురాలు జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1990ల ఆరంభంలో ఈ విషయం మీద పాఠ్యాంశం మొదలుపెట్టి, రోగిని అడగవలసిన ప్రశ్నలను నాలుగు విషయాల చుట్టూ కూర్చారు: విశ్వాసం ఏమిటి, రోగి బతుకులో దానికి ఎంత చోటుంది, అతనికి అండగా నిలిచే సమూహం ఏది, చికిత్సలో దీన్ని ఎలా లెక్కలోకి తీసుకోవాలి.

మన దేశంలో 2019లో అమల్లోకి వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక వైఖరి, నీతి, సంభాషణ అనే మూడింటిని కలిపి ఒక ప్రత్యేక బోధనాంశంగా చేర్చింది. 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్ వైద్య విద్యార్థులు పలికేందుకు చరక శపథాన్నీ, కొత్త విద్యార్థులకు పది రోజుల యోగాభ్యాసాన్నీ సిఫారసు చేసింది. శపథాన్ని గురించి దేశంలో చాలా వాదన జరిగింది గాని, అసలు ప్రశ్న ఆ వాదనలో పక్కకు పోయింది. చాప మీద ఆసనాలు వేయడం విద్యార్థి ఒంటికి మంచిదే, అయితే మంచం మీది ముసలమ్మ మనసులో ఏముందో అది చెప్పదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రార్థనతో జబ్బులు నయమవుతాయని నేర్పడం ఈ బోధన ఉద్దేశం కాదు. గుండెకు బైపాస్ శస్త్రచికిత్స చేయించుకున్న 1,802 మందిపై అమెరికాలోని ఆరు ఆసుపత్రుల్లో జరిపిన అధ్యయనం 2006లో వెలువడింది. తమ కోసం ఎవరైనా ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు బృందాల్లో ప్రార్థన పొందినవారిలో 52 శాతం మందికి, పొందనివారిలో 51 శాతం మందికి శస్త్రచికిత్స తర్వాత చిక్కులు వచ్చాయి. ప్రార్థన జరుగుతోందని తెలిసినవారిలో అవి 59 శాతానికి చేరాయి. ఇతరుల ప్రార్థనను మందులా కొలవబోతే వచ్చే ఫలితం ఇంతే. వైద్యుడికి కావలసింది విశ్వాసం పనితనం మీద తీర్పు కాదు, ఆ విశ్వాసం రోగి నడవడిని ఎటు నడిపిస్తోందన్న సమాచారం.

ఆ సమాచారం ఎంత విలువైనదో ఈ నేల మీదనే చూడవచ్చు. మహాశివరాత్రికీ ఉగాదికీ వేలాది మంది భక్తులు ఆత్మకూరు వైపు నుంచి నల్లమల అడవిలో నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి కాలినడకన పోతారు. వారిలో మధుమేహంతో పాదాల స్పర్శ పోయినవారు ఉంటే, ముల్లు దిగినా రాయి కోసినా వారికి తెలియదు. తిరిగి వచ్చాక పుండు మానకపోతే వేలు, ఒక్కోసారి పాదమే తీసేయవలసి వస్తుంది. "నడవొద్దు" అని కసిరితే రోగి ఊఁ అని తలూపి, ఆనక నడిచే తీరుతాడు. మొక్కు సంగతి ముందే అడిగి తెలుసుకున్న వైద్యుడైతే పాదాలు పరీక్షించి, మెత్తని చెప్పులతో నడిచినా మొక్కు చెల్లుతుందని ఇంటి పెద్దల చేతనే చెప్పించి, ప్రతి మజిలీలోనూ పాదం చూసుకోవడం నేర్పుతాడు.

రంజాన్ ఉపవాసాలదీ ఇదే దారి. జబ్బుపడినవారికి ఇస్లాం ధర్మమే సడలింపు ఇచ్చినా, చాలామంది మధుమేహ రోగులు రోజా వదలరు, ఆ సంగతి వైద్యుడితో అనరు. ఉపవాసాలు మొదలుకాకముందే అడిగితే, చక్కెర మరీ పడిపోయే ప్రమాదమున్న మాత్రల మోతాదు తగ్గించి, పెద్ద మోతాదును ఇఫ్తార్ వేళకు మార్చి, ఏ లక్షణం కనిపిస్తే ఉపవాసం విరమించాలో చెప్పవచ్చు. కనుమ తర్వాత అహోబిలేశుడి పారువేట పల్లకి ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లు తిరిగే వారాల్లో హెర్నియా ఆపరేషన్ వాయిదా వేయమని ఒక కుటుంబం కోరితే, చాలా సందర్భాల్లో వేయవచ్చు. పేగు చిక్కుకుపోయి నొప్పి, వాంతులు మొదలైతే మాత్రం వేయకూడదు. ఈ తేడా తెలియడానికి శస్త్రచికిత్స శాస్త్రమూ కావాలి, పల్లకి అంటే ఆ ఇంటికి ఏమిటో తెలియడమూ కావాలి.

ఆటలమ్మ వస్తే అమ్మవారు పోసిందని వేపాకు పరచి, మందు మాన్పించడం ఇప్పటికీ ఉంది. వేపాకును వెక్కిరించిన వైద్యుడి దగ్గరికి ఆ ఇల్లు మళ్లీ రాదు. వేపాకును అలాగే ఉండనిచ్చి, పెద్దవాళ్లకు తొలి ఇరవై నాలుగు గంటల్లోనే మందు మొదలుపెట్టి, ఇంట్లో గర్భిణి ఉంటే దూరంగా ఉంచమంటే అమ్మవారికీ అభ్యంతరం ఉండదు.

రాజీ కుదరని చోట్లు కూడా ఉన్నాయని విద్యార్థికి అంతే గట్టిగా చెప్పాలి. పాము కరిచినప్పుడు మంత్రం పేరిట పోయే ప్రతి గంటా ప్రాణానికే ముప్పు. విరుగుడు మందు తర్వాతే మిగతావన్నీ. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గాను నమ్మి తెచ్చిన మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన పాకకు నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. ఆ తర్వాత గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో దవా (మందు), దువా (ప్రార్థన) రెండూ కలిపి నడిపే మానసిక వైద్యశాల వచ్చింది. దువా చేసే ముజావర్లే రోగిని డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు అది. నమ్మకాన్ని కూల్చకుండా గొలుసును తీయవచ్చని అది చూపింది.

నయంకాని జబ్బు దగ్గర ఈ విద్య అవసరం మరీ ఎక్కువ. వైద్యురాలు సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో చివరిదశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌ను స్థాపించారు. నొప్పి ఒంటికి మాత్రమే కాక మనసుకూ కుటుంబానికీ ఆత్మకూ కలిసి వచ్చేదని, అందుకే అది సంపూర్ణ వేదన అని ఆమె వివరించారు. గుట్కాతో నోటి క్యాన్సర్ తెచ్చుకున్నవాడు "చేసిన పాపం అనుభవిస్తున్నాను" అన్నప్పుడు మార్ఫిన్ నొప్పిని తగ్గించగలదు గాని ఆ నేరభావాన్ని తగ్గించలేదు. అప్పుడు కర్మసిద్ధాంతం తప్పని వాదించడమూ ఒప్పని తలూపడమూ రెండూ వైద్యుడి పనులు కావు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంకా ఏం బాధగా ఉందని అడిగి, ఆ జవాబు పూర్తయ్యేదాకా వినడమే అతని పని. పూజారి, ముల్లా, పాస్టరు ఎవరిని పిలవాలన్నది రోగి ఇష్టం. వైద్యుడి సొంత మతం, మతం లేకపోవడం కూడా, వార్డు గుమ్మం బయటే ఉండాలి. మంచాన పడిన మనిషికి ప్రవచనం చెప్పడం బలహీనుడి మీద బలాన్ని వాడడమే.

ఇదంతా అతిథి ఉపన్యాసంతో వచ్చేది కాదు. రోగి మంచం దగ్గర, పెద్ద డాక్టరు అడుగుతుండగా చూసి, తరువాత తాను అడిగి, పరీక్షలో దానికి మార్కులు తెచ్చుకుని నేర్చుకోవలసిన విద్య. కళాశాలలు కేసు షీటులో ఉద్యోగం, అలవాట్ల పక్కన ఇంకొక గడి చేర్చాలి. వైద్య పట్టా అందుకున్న యువ వైద్యులు రేపటి ఓపీ నుంచే ప్రతి దీర్ఘరోగినీ ఉపవాసాలు, మొక్కుల గురించి, మనసుకు ధైర్యమిచ్చేవారు ఎవరని అడిగి, జవాబును ఆ గడిలో రాయాలని నా విన్నపం.