మంగలి కత్తి వయసు చెప్పేదెలా?
(అరసవల్లిలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భక్తులు సూర్యనారాయణస్వామికి తలనీలాలు సమర్పించుకునే ఈ ఊళ్లో మంగలి కత్తి గురించి మాట్లాడటం అసందర్భం కాదనుకుంటాను.

ఈ మధ్య మన సభ్యుడొకరు తమ ముత్తాతగారి పొదిలోని కత్తిని నాకు చూపించారు. పాత వస్తువులు కొనే వ్యాపారి ఒకాయన, "ఇది రెండు వందల ఏళ్ల నాటిది, లక్షల్లో పోతుంది. ముందు సర్టిఫికెట్ ఖర్చుకు ఇరవై వేలు కట్టండి" అన్నాడట. మిత్రులు కమ్యూటేషన్ సొమ్ములోంచి ఇవ్వడానికి సిద్ధపడ్డారు. నేను తూనికలు, కొలతల శాఖలో పనిచేసినవాణ్ణి. ముద్ర చూడనిదే తూకపు రాయిని కూడా నమ్మను. కనుక భూతద్దం తీసుకుని కూర్చున్నాను.

ఉద్యోగి వయసుకు సర్వీసు రిజిస్టరు ఎలాగో, కత్తి వయసుకు దాని మెడ అలాగ. పిడిలోకి మడిచేచోట తయారీదారు పేరు, ఊరు, ఒక్కోసారి కిరీటం, అక్షరాలు ఉంటాయి. పేరొక్కటే చాలదు. ఒకే కంపెనీ వందేళ్లకు పైగా అదే పేరు వేసి ఉండవచ్చు.

కిరీటం కింద 'డబ్ల్యు ఆర్' ఉంటే నాలుగో విలియం కాలం, అంటే 1830 - 37. 'వి ఆర్' ఉంటే విక్టోరియా కాలం, 1837 - 1901. 'జి ఆర్' దగ్గర మాత్రం జాగ్రత్త! జార్జి రాజులు 1830కి ముందూ ఉన్నారు, 1910 తరువాతా ఉన్నారు.

తరువాత దేశం పేరు చూడాలి. 1887లో బ్రిటన్ సరకు గుర్తుల చట్టం, 1890లో అమెరికా సుంకాల చట్టం చేశాక సరకుపై దేశం పేరు వేయడం పరిపాటి అయింది. 'ఇంగ్లండ్' అనో 'జర్మనీ' అనో ఉంటే చాలావరకు ఆ తరువాతి కత్తే.

ఉక్కు పేరు కూడా సాక్ష్యమే. 'కాస్ట్ స్టీల్' అనే మూస ఉక్కును షెఫీల్డులో హంట్స్‌మన్ 1740లలో సాధించాడు. 'సిల్వర్ స్టీల్' అని ఉంటే 1820 తరువాతిది. లండన్‌లో ఫారడే, కత్తుల తయారీదారు స్టోడార్ట్ కలిసి మన దేశపు ఉక్కును పరీక్షించి, వెండి కలిపిన ఉక్కును ప్రకటించింది ఆ రోజుల్లోనే. నిజామాబాదు జిల్లా కోనసముద్రం అటువంటి ఉక్కుకు పేరుపొందిన ఊరని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

ఇక ఆకారం. పాత కత్తి అలుగు మేకులాగా వీపు నుంచి అంచు దాకా తిన్నగా సన్నబడుతుంది. రెండు పక్కలా లోతుగా గుల్లచేసి సానబట్టిన అలుగు పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో వ్యాపించింది. పిడిని చూసి మాత్రం వయసు కట్టకండి. విరిగితే కొత్తది వేయించేవారు. సెల్యులాయిడ్ పిడి అయితే ఆ పిడి 1870కి ముందుది కాదు.

మిత్రుల కత్తి మీద షెఫీల్డు, కిరీటంతో 'వి ఆర్', 'ఇంగ్లండ్' మూడూ ఉన్నాయి. అలుగు గుల్లగా ఉంది. అంటే ఇంచుమించు 1890కీ 1901కీ మధ్యది. సుమారు నూట ముప్పై ఏళ్లు. వ్యాపారి చెప్పిన వయసు తప్పు, ఇంట్లో అనుకునే ముత్తాతగారి మాట ఒప్పు. ఇరవై వేలు బ్యాంకులోనే ఉన్నాయి. కత్తి మనవడి బీరువాకు చేరింది.

మీ ఇళ్లలో ఇటువంటివి ఉంటే ఇటుకపొడితో తోమకండి, సానకు ఇవ్వకండి. ముద్ర అరిగిపోతే సాక్ష్యం పోయినట్లే. మెత్తని గుడ్డతో కొంచెం నూనె రాస్తే చాలు. కొంటానన్నవాడు ముందుగా డబ్బు అడిగితే ఇవ్వకండి. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను సొంతంగా విదేశాలకు పంపడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధించింది. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలనుకునేవారు గమనించాలి.