సంపాదకీయ పఠనం – ఆంగ్ల పదసంపద



విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా ఒక శాస్త్రంలో నిర్ణీతమైన పాఠ్యప్రణాళిక పూర్తయిందని ధ్రువీకరిస్తుందే గాని, ఆ శాస్త్రాన్ని ఎదుటివారికి నచ్చజెప్పగల భాష కూడా అలవడిందని ధ్రువీకరించదు. తెలుగు రాష్ట్రాల పట్టభద్రుల్లో అనేకులు తమ విషయాన్ని క్షుణ్ణంగా ఎరిగి ఉండి కూడా పోటీ పరీక్షల వ్యాసరచనలోను, ఉద్యోగ మౌఖిక పరీక్షల్లోను, పైచదువుల దరఖాస్తుల్లోను తగిన ఆంగ్లపదం అందక తడబడుతుంటారు. ఈ లోటు తీరడానికి ఆంగ్ల దినపత్రికల సంపాదకీయాలు చదవాలన్న సలహా ప్రతి విద్యార్థీ విన్నదే. సలహా మంచిదే అయినా, దానిని ఆచరించే పద్ధతి తరచుగా దాని ఫలితాన్ని చెడగొడుతోంది. ఎందుకంటే చాలామంది సంపాదకీయాన్ని కఠినపదాల జాబితాగా మాత్రమే చూసి, పదాలను ఏరి, వాటికెదురుగా అర్థాలు రాసుకుని, బట్టీపట్టి, కొద్దిరోజుల్లోనే మరచిపోతున్నారు. తెలిసిన విషయాన్ని ఆశ్రయించి, ఒక వాదంలో భాగంగా వచ్చిన పదమే మనస్సులో నిలుస్తుందన్నది ఈ ప్రసంగం ప్రతిపాదించే ప్రధానాంశం.

సంపాదకీయం అంటే ఒక వర్తమాన విషయంపై పత్రిక తన సంస్థాగతమైన అభిప్రాయాన్ని ప్రకటించే, సాధారణంగా రచయిత పేరు ఉండని వ్యాసం. బ్రిటిష్ పత్రికా సంప్రదాయంలో దీనినే లీడర్ అంటారు. దాని చెంతనే బయటి నిపుణులు తమ పేర్లతో రాసే వ్యాసాలకు ఆప్-ఎడ్ అని పేరు. న్యూయార్క్ టైమ్స్ 1970 సెప్టెంబరులో ఆ పేరుతో ప్రత్యేకమైన పుటను ప్రారంభించింది. వార్త జరిగినదానిని తెలుపుతుంది, సంపాదకీయం జరిగినదాని యుక్తాయుక్తాలను విచారిస్తుంది. కనుక కారణాన్ని, ఫలితాన్ని, ఆక్షేపణను, మినహాయింపును, పాక్షికమైన అంగీకారాన్ని తెలిపే పదాలు అందులో అడుగడుగునా కనిపిస్తాయి. ఒక మంత్రి మాటను ఉటంకిస్తూ ‘సెడ్’ అని రాస్తే పత్రిక తటస్థంగా ఉన్నట్లు, ‘క్లెయిమ్డ్’ అని రాస్తే ఆ మాటకు ఆధారం ఇంకా కావాలని సూచించినట్లు, ‘కన్సీడెడ్’ అని రాస్తే ఆయన ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నారని తేల్చినట్లు అవుతుంది. ఈ మూడింటికీ నిఘంటువులో అర్థం చూసినంత మాత్రాన ఈ తేడా పట్టుబడదు. వాదం ఎటు సాగుతున్నదో గమనించిన పాఠకుడికే అది తెలుస్తుంది.

ఆంగ్ల సంపాదకీయం తెలుగువారికి పరాయిది కాదు. 1878 సెప్టెంబరు 20న మద్రాసులో ది హిందూ పత్రికను వారపత్రికగా స్థాపించిన ఆరుగురు యువకుల్లో, తరువాతి కాలంలో రాజమహేంద్రవరంలో ప్రముఖ న్యాయవాదిగా, ప్రజానాయకుడిగా పేరొందిన న్యాపతి సుబ్బారావు పంతులు ఒకరు. భారతీయుడైన టి. ముత్తుస్వామి అయ్యర్‌ను మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియమించడాన్ని ఆంగ్లేయుల పత్రికలు తప్పుపట్టగా, వాటికి వాటి భాషలోనే బదులు చెప్పడానికి ఆ యువకులు ఒక రూపాయి పన్నెండణాలు అప్పు తెచ్చి, తొలి సంచికను 80 ప్రతులు అచ్చువేశారు. విజయనగరంలో జన్మించిన సి.వై. చింతామణి అలహాబాదులోని ది లీడర్ పత్రికకు, చీరాలకు చెందిన కోటంరాజు రామారావు 1938లో లక్నోలో వెలువడిన నేషనల్ హెరాల్డ్‌కు సంపాదకులై, తమ మాతృభాష కాని భాషలో, తమ ప్రాంతం కాని చోట ప్రజాభిప్రాయాన్ని ప్రభావితం చేశారు. వీరికి ఆంగ్లం అలంకారం కాదు, వాదించవలసిన అవసరం వీరిచేత దానిని సాధన చేయించింది.

ఎన్ని పదాలు నేర్వాలన్న ప్రశ్నకు భాషాబోధన శాస్త్రం కొంత స్పష్టమైన సమాధానమే ఇస్తోంది. ఒక మూలపదం నుంచి ఏర్పడిన రూపాలన్నిటినీ కలిపి పదకుటుంబం అంటారు. డిసైడ్, డిసిషన్, డిసైసివ్ అనేవి ఒకే కుటుంబానికి చెందుతాయి. మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన జనరల్ సర్వీస్ లిస్ట్ నిత్యవ్యవహారానికి పనికివచ్చే దాదాపు 2,000 పదాలను క్రోడీకరించగా, ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ వాటికి వెలుపల శాస్త్రగ్రంథాల్లో తరచుగా వచ్చే 570 పదకుటుంబాలను గుర్తించింది. పత్రికలను, నవలలను ఒకరి సాయం లేకుండా చదవాలంటే అందులోని పదాల్లో 98 శాతం తెలిసి ఉండాలని, అందుకు ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలని భాషాబోధన పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో అంచనా వేశారు. 98 శాతం అంటే 500 పదాల సంపాదకీయంలో తెలియనివి పది మాత్రమే. అదే 90 శాతమైతే తెలియనివి యాభై అవుతాయి, అప్పుడు అర్థం ఊహించడానికి కావలసిన ఆధారమే ఉండదు. కనుక పట్టభద్రుడు మొదట పట్టించుకోవలసినవి ఏడాదికొకసారి ఎదురయ్యే ఆడంబర పదాలు కావు. పాలసీ, అసెస్, లెజిస్లేట్ వంటి, రోజూ ఎదురవుతూ సగమే అర్థమవుతున్న పదాలు.

తెలియని పదాల సంఖ్య ఎక్కువగా ఉన్న పాఠకుడికి విషయపరిజ్ఞానమే ఆసరా. కృష్ణా జలాల వివాదాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించిందని, 2004లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ ఏర్పడిందని, రాష్ట్ర విభజన తరువాత వాటాల పంపకం మళ్లీ వివాదమైందని తెలుగు పత్రికల ద్వారా ఎరిగిన విద్యార్థి, అదే విషయంపై ఆంగ్ల సంపాదకీయం చదివినప్పుడు ‘రిపేరియన్’ అంటే నదీతీరానికి సంబంధించినదని, ‘అడ్జుడికేట్’ అంటే వివాదాన్ని విచారించి తీర్పుచెప్పడమని సందర్భం నుంచే గ్రహించగలడు. బహుమతిగా మాత్రమే తెలిసిన ‘అవార్డ్’ ఇక్కడ ట్రిబ్యునల్ నిర్ణయమని, దానిని ప్రభుత్వం ‘నోటిఫై’ చేస్తుందని కూడా తెలుసుకుంటాడు. ఒక పదం ఏయే పదాలతో జతకడుతుందో తెలిపే ఈ లక్షణాన్ని భాషాశాస్త్రం కొలొకేషన్, అంటే పదసాహచర్యం, అంటుంది. తప్పులేని వాక్యం రాయడానికి అర్థజ్ఞానం కంటె ఇదే ఎక్కువగా తోడ్పడుతుంది. అందువల్ల రోజుకొక కొత్త విషయాన్ని వెదకడం కంటె, ఒకే విషయంపై వచ్చే సంపాదకీయాలను కొన్ని నెలలపాటు వరుసగా చదవడం మేలు. విషయం మారనంత కాలం అవే పదాలు వేర్వేరు వాక్యాల్లో తిరిగివచ్చి, ప్రత్యేకమైన ప్రయత్నం లేకుండానే పునశ్చరణ జరుగుతుంది. నేర్చిన దానిలో అధికభాగం తొలి గంటల్లోనే, తొలి రోజుల్లోనే జారిపోతుందని 1885లో మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ ప్రయోగపూర్వకంగా చూపినందున, ఇటువంటి పునశ్చరణ విలువ తక్కువది కాదు.

చదవడం ఎంత సాగినా, రాయనిదే పదం స్వాధీనం కాదు. అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ బాల్యంలో బోస్టన్‌లోని తన అన్న ముద్రణాలయంలో పనినేర్చుకుంటూ, లండన్ పత్రిక ది స్పెక్టేటర్ వ్యాసాలను ఆదర్శంగా పెట్టుకుని సాధన చేసిన తీరును ఆత్మకథలో వివరించాడు. ఒక్కొక్క వాక్యపు భావాన్ని క్లుప్తంగా గుర్తురాసుకుని, కొన్ని రోజులు ఆగి, ఆ గుర్తుల ఆధారంతో వ్యాసాన్ని తన మాటల్లో తిరిగి రాసి, మూలంతో పోల్చి దోషాలు దిద్దుకునేవాడు. ఒక్కొక్కసారి గుర్తులను తారుమారు చేసి, వాటిని మళ్లీ క్రమంలో పెట్టడం ద్వారా ఆలోచనల అమరికను కూడా అభ్యసించేవాడు. తెలుగు విద్యార్థి ఇందులో చేయదగిన మార్పు ఒక్కటే: ఆ గుర్తులను తెలుగులో రాసుకుంటే మూలవాక్యపు పదాలు కంటికి కనబడవు, తన జ్ఞాపకంలోని పదాన్ని తానే వెలికితీయవలసి వస్తుంది. వారానికొక సంపాదకీయంతో ఈ అభ్యాసం చేసినా, రోజుకు ముప్పై పదాలు బట్టీపట్టడం కంటె లాభం ఎక్కువ.

ఈ మార్గానికి పరిమితులు లేకపోలేదు. సంపాదకీయ భాష వాదానికి తగినదే గాని సంభాషణకు, ప్రయోగశాల నివేదికకు, కార్యాలయ ఉత్తరానికి యథాతథంగా సరిపోదు. అక్కడి గంభీరపదాన్ని ఇక్కడ వాడితే రచన కృత్రిమమవుతుంది. పైగా ప్రతి పత్రికకూ ఒక దృక్పథం ఉంటుంది కాబట్టి, ఒకే పత్రికకు అంటిపెట్టుకున్న పాఠకుడు దాని పదాలతోపాటు దాని పక్షపాతాన్ని కూడా తెలియకుండానే అలవరచుకుంటాడు. భిన్నాభిప్రాయాలు గల రెండు ఆంగ్లపత్రికలను, వాటితోపాటు ఒక తెలుగు సంపాదకీయాన్ని పోల్చి చదివితే ఈ ప్రమాదం తగ్గుతుంది. ముట్నూరి కృష్ణారావు కృష్ణాపత్రికలోను, నార్ల వెంకటేశ్వరరావు ఆంధ్రప్రభలోను తీర్చిదిద్దిన సంపాదకీయ సంప్రదాయం గల భాషలో పుట్టిన విద్యార్థి, ఆంగ్లం కోసం తెలుగును విడువవలసిన పనిలేదు.

పట్టభద్రుల్లో కొందరు సాగునీటి శాఖలో, కొందరు న్యాయస్థానాల్లో, కొందరు విదేశాల్లో పనిచేయబోతున్నారు. తమ నేలకు సంబంధించిన వివాదాన్ని తెలుగు రానివారి ముందు అతిశయోక్తి లేకుండా, ఆధారసహితంగా నిరూపించవలసిన సందర్భం వారిలో చాలామందికి వస్తుంది. ఆనాటికి సిద్ధం కావడానికి సంపాదకీయ పఠనం సులభమైన, ఖర్చు తక్కువైన సాధనం. అందులో అంగీకరించని ఒక వాక్యం ఎదురైనప్పుడు పత్రికకు పదిపంక్తుల లేఖ రాయగలిగిన పట్టభద్రుడికి ఆ పదసంపద నిజంగా వశమైనట్లే.