గాలికి పొలిమేర లేదు

(నంద్యాల, ఆళ్లగడ్డ చదువు కేంద్రాల్లో ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



మన ఊరికి పొలిమేర ఉంది. మండలానికి హద్దు ఉంది. దేశానికి సరిహద్దు ఉంది. గాలికి మాత్రం ఏ హద్దూ లేదు. బంగాళాఖాతం మీద పుట్టిన మబ్బు నల్లమల దాటి మన చేలల్లో కురుస్తుంది. అరేబియా సముద్రం మీది తేమ నైరుతి గాలితో ఇక్కడిదాకా వస్తుంది.

అందుకే ఏ దేశమూ ఒంటరిగా వాన సంగతి చెప్పలేదు. ఈ మాట తెలుసుకుని దేశాలన్నీ చేతులు కలిపాయి. ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టుకున్నాయి. అది 1950 మార్చి 23న మొదలైంది. ఇప్పుడు అందులో 190కి పైగా దేశాలు, ప్రాంతాలు ఉన్నాయి. వాటిలో వాటికి తగాదాలు ఉన్నా, గాలీ వానల కబురు మాత్రం ఇచ్చిపుచ్చుకుంటాయి.

ఆ కబురు ఎట్లా తెలుస్తుంది? మనం వాకిట్లో కల్లాపి చల్లే వేళకు, పొద్దున 5:30కు అటూ ఇటుగా, ప్రపంచంలో వందల చోట్ల పెద్ద పెద్ద బెలూన్లు ఎగరేస్తారు. చాలా చోట్ల సాయంత్రం 5:30కు మళ్లీ ఎగరేస్తారు. బెలూనుకు ఒక చిన్న పెట్టె కడతారు. అది పైకి పోతూ వేడి ఎంత, తేమ ఎంత, గాలి ఎటు వీస్తోంది అన్నది రేడియో ద్వారా కిందికి చెబుతుంది. 30 కిలోమీటర్ల ఎత్తుదాకా పోయి బెలూను పగిలిపోతుంది.

ఈ పనిలో మనవాళ్లూ ఉన్నారు. తిరుపతి దగ్గర గాదంకిలో 1992లో ఒక కేంద్రం మొదలైంది. ఇప్పుడు దాన్ని జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల అంటారు. అక్కడి పెద్ద రాడారుకు 1024 యాంటెన్నాలు ఉన్నాయి. చేలో సాళ్లలాగా వరుసగా నిలబడి, పైన గాలి ఎటు, ఎంత వేగంగా పోతోందో కనిపెడతాయి.

ఇదంతా మనకెందుకు అంటారా? 2019 సెప్టెంబరు వానలు గుర్తున్నాయా? కుందూ పొంగింది. మహానంది గుడిలోకి నీళ్లొచ్చాయి. వరద కాస్త సమయం ఇస్తుంది. పిడుగు అంత సమయం ఇవ్వదు. 2022లో మన దేశంలో పిడుగులు పడి 2,887 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మనలాగే చేలో పనిచేసేవాళ్లు.

ఇప్పుడు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పిడుగు హెచ్చరికలు తెలుగులోనే ఫోన్లకు పంపుతోంది. వాతావరణ శాఖ రంగులతో చెబుతుంది. ఆకుపచ్చ అంటే భయం లేదు. పసుపు అంటే కనిపెట్టి ఉండాలి. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడాలి.

కబురు వస్తే ఏం చేయాలి? గట్టి కట్టడం లోపలికి పోవాలి. చెట్టు కిందికి పోవద్దు. నీళ్లున్న మడిలో నిలబడొద్దు. కొడవలి, పార పక్కన పెట్టాలి. దగ్గర్లో ఇల్లు లేకపోతే ఒకరికొకరు దూరంగా, రెండు పాదాలు దగ్గర పెట్టి గొంతుక్కూర్చోవాలి. నేల మీద పడుకోవద్దు. చివరి ఉరుము వినిపించాక అరగంట దాకా చేలోకి దిగొద్దు. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకు షాకు కొట్టదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

"పని మధ్యలో లేస్తే కూలి పోదా?" అని మీరు అడగొచ్చు. ఆ భయం నిజమే. అందుకే పొద్దున పనిలోకి దిగేముందే గుంపంతా కలిసి చేను ఆసామితో మాట్లాడుకోండి. ఉరిమితే లేస్తాం, వాన వెలిస్తే మళ్లీ దిగుతాం అని చెప్పండి. ఒక్కరు అడిగితే కోపం వస్తుంది. పదిమంది అడిగితే ఒప్పందం అవుతుంది.

ఎన్నో దేశాల శాస్త్రజ్ఞుల కష్టం చివరికి మీ ఫోనులో రెండు వరుసలై వస్తుంది. అది చదవకపోతే ఆ కష్టమంతా వృథా. పి-డు-గు. మూడే అక్షరాలు. మీరు నేర్చినవే. పక్కన మీ మండలం పేరు ఉందేమో చూడండి. గుంపులో ఒక్కరైనా ఫోను దగ్గర పెట్టుకోండి. చదవండి, చదవలేని వాళ్లకు గట్టిగా చదివి వినిపించండి.